మడత కత్తులు చేసి బతకొచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాదులో ఐటీ ఉద్యోగం, వయసు ఇరవై తొమ్మిది, ఊళ్లో కమ్మరాయన కొలిమి దగ్గర కూర్చుని నేర్చుకుని ఇప్పటికి ఏడు మామూలు కత్తులు చేశావు, ఇక ఉద్యోగం మానేసి కలెక్టర్ల కోసం, అంటే సరదాకి కత్తులు సేకరించేవాళ్ల కోసం, మడత కత్తులు చేద్దామనుకుంటున్నావు. బతకడానికి సరిపోతుందా, ఏ మిషన్లు కొనాలి, కొనేవాళ్లు ఎక్కడుంటారు అని మూడు అడిగావు. మూడింటికీ చెప్తాను. నువ్వు అడగనిది ఇంకొకటుంది, అది ముందే చెప్పేస్తా: కత్తి పూర్తి కాకుండా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోకు. ఎందుకో కింద రాస్తాను, అది నా మీదకి వచ్చాకే నాకు తెలిసింది.

నా సంగతి కొంచెం. బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీలో టూల్ అండ్ డై మేకింగ్ (పనిముట్లు, అచ్చులు చేసే పని) డిప్లొమా చేశాను. అక్కడే టూల్ రూముల్లో ఆరేళ్లు పనిచేసి 2001లో అమెరికా వచ్చాను, ఒహాయోలో సిన్సినాటి దగ్గర ఒక డై షాపులో చేరాను. మొదటి మడత కత్తి 2004లో మా ఇంటి గరాజ్‌లో చేశాను. ఉద్యోగం మానేసింది 2015 చివర్లో. అంటే పదకొండేళ్లు రాత్రుళ్లూ శని, ఆదివారాలూ చేశాకే ఇది పూర్తి సమయం పనయింది. నువ్వు ఏడు కత్తులతో ఆ గీత దాటాలనుకుంటున్నావు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మామూలు కత్తి అంటే ఒక ఉక్కు ముక్క, దానికో పిడి. అందులో కష్టం లేదని కాదు, కానీ అక్కడ తప్పు జరిగితే నీ కంటికి కనిపిస్తుంది. మడత కత్తి అలా కాదు, అది యంత్రం. అడకత్తెర చూడు. కొత్తలో రెండు రెక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ బిగువుగా కదులుతాయి. ఏళ్ల తరబడి వక్కలు కత్తిరించాక సీల అరిగిపోతుంది, రెక్కలు పక్కకి ఊగుతాయి, వక్క నలుగుతుంది తప్ప తెగదు. మడత కత్తిలో కూడా ప్రాణం ఆ సీల దగ్గరే ఉంటుంది. నేను ఎక్కువగా వాడేది 3/16 అంగుళాల సీల, అంటే 4.76 మిల్లీమీటర్లు. డ్రిల్లుతో వేసిన రంధ్రం చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది గానీ నిజానికి ఉండదు. కాస్త చిన్న డ్రిల్లు వేసి, ఆ తర్వాత రీమర్‌తో చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సైజుకి తేవాలి. సీలకీ రంధ్రానికీ మధ్య పది, పన్నెండు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మించి ఖాళీ ఉంటే అలుగు, అంటే కోసే భాగం, తెరిచినప్పుడు చివర ఊగడం చేతికి తెలిసిపోతుంది, ఎందుకంటే సీల దగ్గర ఉన్న ఆ చిన్న తేడా మూడంగుళాల దూరంలో ఎన్నో రెట్లవుతుంది. రంధ్రం నిటారుగా లేకపోయినా అంతే. మూసినప్పుడు అలుగు మధ్యలో పడదు, పిడికి ఒక పక్కనున్న రేకుకి రాసుకుంటుంది, నెల తిరిగేసరికి అక్కడ గీత పడుతుంది.

ముందు స్లిప్ జాయింట్‌తో మొదలుపెట్టమంటాను. అంటే లాక్ లేకుండా, వీపు వెంట ఉన్న స్ప్రింగు బలంతోనే తెరుచుకుని నిలబడే పాతకాలపు చాకు. చూడ్డానికి మన తాతల జేబుల్లో ఉండేదే. కానీ నాకు తెలిసి దీన్ని మించిన పరీక్ష లేదు. సీల చుట్టూ ఉండే అలుగు మొదలు భాగాన్ని టాంగ్ అంటారు. అలుగు తిరుగుతున్నప్పుడు ఆ టాంగ్ అంచు స్ప్రింగుని పైకి నెడుతూ వస్తుంది. కత్తి పూర్తిగా తెరిచినప్పుడు, సగం మడిచి ఆపినప్పుడు, పూర్తిగా మూసినప్పుడు, ఈ మూడు చోట్లా స్ప్రింగు వీపు పక్క రేకులతో సమంగా ఉండాలి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. మూసినప్పుడు సమంగా ఉండి తెరిచినప్పుడు ఇరవై మైక్రాన్లు లేచిందనుకో, ఆ చోట టాంగ్‌ని తీయాలి. అక్కడ తీస్తే అలుగు నిలబడే కోణం కాస్త మారుతుంది, దాన్ని సరిచేస్తే సగం మడిచిన చోట తేడా వస్తుంది. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతుంది. నేను గ్రానైట్ ప్లేటు మీద, సన్నని ఎత్తు తేడాలు చూపించే డయల్ ఇండికేటర్ పెట్టి, ఒక్కో కత్తికి కనీసం ముప్పై, నలభైసార్లు సీల తీసి, రాసి, మళ్లీ పెట్టి చూస్తాను. ఇదంతా ఉక్కు మెత్తగా ఉన్నప్పుడు చాలావరకు పూర్తి చేసి, కొద్దిగా మిగుల్చుకుని, గట్టిపరిచాక సానరాయితో ఆఖరి మైక్రాన్లు తీస్తాను, ఎందుకంటే వేడికి ఉక్కు కొంచెమైనా కదులుతుంది. అలుగు గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర ఉంచుతాను, స్ప్రింగు మాత్రం 48 దాటనివ్వను. స్ప్రింగు కూడా అంతే గట్టిగా ఉంచితే ఒక చలికాలం రాత్రి పెట్టెలో ఉన్నది ఉన్నట్టే విరుగుతుంది. నాకు విరిగింది, అమ్మేసిన తర్వాత.

కలెక్టర్ కత్తి చేతికి తీసుకోగానే అలుగు పదును చూడడు. నెమ్మదిగా తెరుస్తాడు, సగంలో ఆగేచోట ఆపుతాడు, మళ్లీ మూస్తాడు, అప్పుడొచ్చే చప్పుడు వింటాడు. దాన్ని ఇక్కడివాళ్లు వాక్ అండ్ టాక్ అంటారు. నడక సాఫీగా ఉందా, మాట గట్టిగా పలుకుతోందా అని చూడటమే. ఈ విషయంలో ఇక్కడ అందరూ తలుచుకునే పేరు ఇండియానా రాష్ట్రానికి చెందిన టోనీ బోస్. ఆయన వందేళ్ల కిందటి ఫ్యాక్టరీ చాకుల నమూనాలు తీసుకుని, ఆ ఫ్యాక్టరీలు ఎప్పుడూ చేయనంత శుద్ధంగా చేశారు. చాకులు చేసే కేస్ కంపెనీ ఆయనతో కలిసి ఆ నమూనాలను పెద్దఎత్తున తెచ్చింది. అంతకన్నా నాకు పెద్దగా అనిపించేది, తెలిసింది దాచుకోకుండా తర్వాతి తరం వాళ్లకి చెప్పిపెట్టడం. ఈ రోజు మంచి స్లిప్ జాయింట్ చేసేవాళ్లని ఎవరిని అడిగినా వాళ్ల పనిలో ఎక్కడో ఒకచోట ఆయన నేర్పింది ఉంటుంది. మన పక్క కమ్మరి, కంసాలి ఇళ్లలో పని కొడుక్కి తప్ప ఇంకొకడికి చెప్పని అలవాటు ఎంత నష్టం చేసిందో తెలిసినవాడిగా, ఇది నన్ను బాగా కదిలించింది.

లాక్ ఉన్న కత్తుల దగ్గరికొస్తే కథ ఇంకోలా ఉంటుంది. కత్తులు చేసే మైకేల్ వాకర్ 1980ల మొదట్లో ఇప్పుడు లోకమంతా వాడే లైనర్ లాక్‌ని తీర్చిదిద్దాడు. పిడి లోపలి రేకులో ఒక పట్టీని కోసి, దాన్ని లోపలికి వంచి ఉంచుతారు, అలుగు తెరవగానే అది జరిగి టాంగ్ వెనక నిలబడుతుంది. మూసి ఉన్నప్పుడు అలుగు తనంతట తాను తెరుచుకోకుండా అదే పట్టీలో ఒక చిన్న గోళీ ఉంటుంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఐడహోలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ ఆ ఆలోచననే పిడి మందానికి పెంచి, పిడి పక్కనే లాక్‌గా మార్చాడు. సెబెంజా అనే కత్తి అలా పుట్టింది. ఫ్రేమ్ లాక్ అని అందరూ పిలిచేది దీన్నే. చెప్పడానికి రెండు వాక్యాలు, చేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. టాంగ్ వెనక లాక్ ఆనే ముఖాన్ని ఏడెనిమిది డిగ్రీల వాలులో రుద్దాలి. వాలు ఎక్కువైతే గట్టిగా నొక్కినప్పుడు లాక్ జారుతుంది, తక్కువైతే ఇరుక్కుపోయి బొటనవేలితో తీయడం కష్టం. పట్టీ టైటానియం, టాంగ్ గట్టి ఉక్కు. టైటానియం మెత్తన, పైగా ఉక్కుని అంటుకునే గుణం ఉంది, అందుకే ఆ ముఖం అద్దంలా ఉండాలి. కొత్తలో లాక్ టాంగ్ వెడల్పులో పావు నుంచి మూడో వంతు దాకా రావాలి. మొదటి రోజే సగం దాటితే అరగడానికి చోటు మిగలదు. ఈ కత్తి కలెక్టర్ అల్మారాలోనే ఉంటుంది కదా, ఎవరు వాడతారు అనుకోవద్దు. ఆయన పోయాక కొడుకు వాడతాడు. లాక్ జారితే పోయేది వాడి వేళ్లు. నా మొదటి ముప్పై కత్తుల్లో అమ్మినవి తొమ్మిదే, మిగతావన్నీ లాక్ దగ్గరే పోయాయి, వాటిని రంపంతో రెండు ముక్కలు చేశాను. చెడ్డ లాక్ ఉన్న కత్తి స్నేహితుడికి ఊరికే ఇచ్చినా తప్పే.

తుదిమెరుగు గురించి ఒక్క మాట. చేత్తో రుద్దే శాటిన్ ఫినిష్ అంటే 220 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800 అలా పోతూ, ప్రతి నంబరుకీ దిశ మార్చుతూ, ముందు పడిన గీతలు ఒక్కటీ మిగలకుండా చూసుకుని, చివర్లో ఒకే వైపు లాగే గీతలతో ముగించడం. మూడంగుళాల అలుగుకి నాకు నాలుగు గంటలు పడుతుంది. ఆఖరి గీతలో ఒక ఇసుక రేణువు తగిలితే మళ్లీ 400 నుంచి. ఫోటోలో ఇది తెలియదు, చేతిలో తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు. నావి ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. మామూలు ఫ్రేమ్ లాక్‌కి 28, 30 గంటలు, ధర 900 డాలర్లు. ముత్యపుచిప్ప పిడి ఉన్న స్లిప్ జాయింట్‌కి 55 గంటల పైన, ధర 1,700 దాకా. ఏడాదికి 35 కత్తులు చేస్తే నాకు అది మంచి ఏడాది. సగటున 1,150 చొప్పున వేసుకుంటే నలభై వేలు. అందులో బెల్టులు, ఉక్కు, టైటానియం, ప్రదర్శనల్లో టేబుల్ అద్దె, హోటలు, ఇన్సూరెన్సుతో పంపడం, పాడైపోయిన ముక్కలు అన్నీ తీసేస్తే పదకొండు, పన్నెండు వేలు పోతాయి. మిగిలిన 28 వేలని గంటలతో భాగిస్తే ఇరవై డాలర్లు, అదీ ఈమెయిళ్లకి జవాబులు, రిపేర్లు, సాన పట్టడం లెక్కలో వేయకుండా. డై షాపులో నా జీతం దీనికన్నా ఎక్కువ. నా భార్య ఆసుపత్రిలో పనిచేస్తుంది, ఇంటి మొత్తానికీ హెల్త్ ఇన్సూరెన్స్ తన ఉద్యోగం మీదే. రెండో జీతం లేకపోతే నేను ఈ పని చేసేవాణ్ణి కాదు, ఇది ఆమె ముందు కూడా ఎన్నోసార్లు చెప్పాను. నాకు తెలిసిన మంచి పనివాళ్లలో చాలామంది పెన్షన్ వచ్చాక పూర్తిగా దిగినవాళ్లు, లేదా ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నవాళ్లు. కత్తికి ఐదు వేలు, పది వేల డాలర్లు పలికేవాళ్లున్నారు, నిజమే. వాళ్ల పని చూస్తే ఆ ధర న్యాయమే అనిపిస్తుంది. వాళ్లని చూసి లెక్క వేసుకోకు.

అడ్వాన్సుల సంగతి ఇదీ. 2011లో నా కత్తులకి కొంచెం పేరొచ్చింది. ఒక్క వేసవిలో 43 ఆర్డర్లు. ఒక్కొక్కరి దగ్గర 300 డాలర్లు ముందు తీసుకున్నాను, మొత్తం 12,900. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ సర్ఫేస్ గ్రైండర్ (లోహాన్ని చదునుగా తీసే మిషను) కొన్నాను. ఉద్యోగం చేస్తూ నెలకి రెండు కత్తులు చేసేవాడికి 43 ఆర్డర్లంటే దాదాపు రెండేళ్లు, అది కూడా అన్నీ సవ్యంగా జరిగితే. ఆ లెక్క నాకు తెలియక కాదు, అడిగినవాళ్లకి కాదనలేకపోయాను. 2012 ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలు ఇండియాలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఈమెయిలు తెరవాలంటే భయం వేసే పరిస్థితి. మొదట్లో అందరూ మంచిగానే అడిగారు, నాన్నగారు ఎలా ఉన్నారు అని కూడా అడిగారు. నేను జవాబివ్వలేదు. ఏం చెప్పాలో తెలియక రేపు రాద్దాంలే అనుకుంటూ ఆరు వారాలు గడిపాను, అదే అసలు తప్పు. ఒకాయన నా పేరు పెట్టి అందరికీ తెలిసేలా రాశాడు. ఆయన రాసిన ప్రతి మాటా నిజమే. అప్పుడు అందరికీ విడివిడిగా రాశాను, డబ్బు వెనక్కి కావాలన్న 14 మందికి నెలకి ఇద్దరు, ముగ్గురు చొప్పున తిరిగిచ్చాను, మిగతా 29 కత్తులూ 2015 మార్చి నాటికి పూర్తి చేశాను. ఆ మూడేళ్లలో చేసిన కత్తి ఒక్కటీ నాకు ఇష్టంగా చేసింది కాదు, ఎందుకంటే ప్రతిదాని డబ్బూ ముందే ఖర్చయిపోయింది. వాళ్లలో ఒక పెద్దాయన తన కత్తి రాకముందే చనిపోయారు. వాళ్లమ్మాయికి పంపాను. ఆమె మంచి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ డ్రాయర్‌లోనే ఉంది, తీసి చదవబుద్ధి కాదు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. కత్తి పూర్తవుతుంది, నేను వారం రోజులు జేబులో పెట్టుకుని తిరుగుతాను, నాకు నచ్చితే అప్పుడు ఫోటో పెట్టి అమ్ముతాను. ఆర్డర్ పుస్తకం లేదు. కావాలన్నవాళ్ల పేర్లు రాసుకుంటాను గానీ తేదీ చెప్పను. ఈ లైనులో మంచి చేయి ఉన్నవాళ్లు ఎంతమంది మాయమైపోయారో చూశాను తమ్ముడూ, వాళ్లలో పని రాక పోయినవాళ్లు తక్కువ, డబ్బు ముందు తీసుకుని, జబ్బో, విడాకులో, టెన్షనో వచ్చి మాట నిలబెట్టుకోలేక పోయినవాళ్లే ఎక్కువ.

కొనేవాళ్ల గురించి. అమెరికాలో ఈ చేతిపనికి 1970లో నైఫ్‌మేకర్స్ గిల్డ్ పుట్టింది. కొలిమిలో సాగగొట్టి కత్తులు చేసేవాళ్ల కోసం బిల్ మొరాన్ తదితరులు 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టారు. అట్లాంటాలో ప్రతి ఏడూ జూన్‌లో జరిగే బ్లేడ్ షో మాకందరికీ తిరునాళ్ల లాంటిది. మా ఊరి నుంచి ఏడెనిమిది గంటల డ్రైవ్. మూడు రోజులకి పది, పన్నెండు కత్తులు తీసుకెళ్తాను. ఒక కత్తికి ముగ్గురు, నలుగురు నిలబడితే చీటీలు వేస్తాం, పేరు వచ్చినవాళ్లు పెట్టిన ధరకే తీసుకుంటారు. వేలం పెడితే ఎక్కువ రావచ్చు, కానీ మధ్యతరగతి కలెక్టర్ మళ్లీ నీ టేబుల్ దగ్గరికి రాడు. ఆ చీటీలో గెలిచినాయన అదే మధ్యాహ్నం ఇంకొకరికి రెండు వందలు ఎక్కువకి అమ్ముకుంటే బాధపడకు. మొదట్లో నేనూ రాత్రంతా నిద్రపోలేదు. కొన్నాక అది వాళ్లది. నీ కత్తి చేతులు మారి ధర తగ్గితేనే నువ్వు ఆలోచించాలి.

ఇంకో సంగతి, నీ చేత్తో చేసిందేది, బయట చేయించిందేది దాచకు. రేకులు వాటర్ జెట్‌తో కోయించావా, గట్టిపరచడం బయట ఇచ్చావా, చెప్పేసెయ్. నేను స్టెయిన్‌లెస్ అలుగుల్ని బయటే గట్టిపరిపిస్తాను, ఆ మాట ప్రతి కత్తితో పాటు ఇచ్చే కాగితం మీద ఉంటుంది. దానివల్ల అమ్మకం పోయింది ఒకట్రెండుసార్లే. చెప్పకుండా దొరికిపోతే మొత్తం పోతుంది.

ఒకసారి అట్లాంటాలో ఒక పెద్దాయన నా టేబుల్ మీద డమాస్కస్ అలుగు చూస్తూ, మీదే ఊరు అని అడిగాడు. తెలంగాణ అన్నాను. అయితే కోనసముద్రం మీకు దగ్గరేనా అన్నాడు. నిజామాబాద్ జిల్లాలో ఆ పేరుతో ఒక ఊరుందని నాకు అంతవరకు తెలియదు. మూసల్లో ఇనుమునీ కర్ర బొగ్గు లాంటి పదార్థాన్నీ పెట్టి, మట్టితో మూసి, గంటల తరబడి కాల్చి ముద్దలుగా తీసిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారట. ఇంగ్లిషువాళ్లు వూట్జ్ అని రాసుకున్నది మన ఉక్కు అనే మాటే అంటారు. ఈ దేశంలో ఒక అమెరికన్ నోట విని మా పక్క జిల్లా గురించి తెలుసుకున్నాను, చాలా సిగ్గుపడ్డాను. తర్వాత వచ్చినప్పుడు వెళ్లి చూశాను. ఒకటి గుర్తుంచుకో, ఇప్పుడు కలెక్టర్లు కొనే డమాస్కస్‌లో దాదాపు అంతా రెండు రకాల ఉక్కుల్ని పొరలుగా అతికించి సాగగొట్టి, ఆసిడ్‌లో ముంచి గీతలు తేల్చినది. మన ఉక్కులో గీతలు దాని లోపలి గుణం నుంచి, చల్లారిన తీరు నుంచి వచ్చేవి. రెండూ వేరు. నువ్వు అతికించిన ఉక్కు వాడుతూ తెలంగాణ ఉక్కు అని రాసి అమ్మితే అది అబద్ధం. అమ్ముడుపోతుంది, అయినా అబద్ధమే.

పిడి సామాను దగ్గర చట్టం చూసుకో, ఇది నవ్వులాట కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తులకీ, అమెరికా చాకులకీ అందరూ కోరుకున్న పిడి మన కణుజు కొమ్ము, సాంబార్ అంటారు చూడు, అది. లోపల గుల్ల తక్కువగా, పైన మంచి గరుకుతో ఉంటుంది. 1990ల చివర్లో మన దేశం దాని ఎగుమతి ఆపేసింది. అడవిలో రాలిన కొమ్మే కదా అని ఎవరైనా తెచ్చిస్తే ముట్టుకోకు, దాన్ని అమ్మడం, కొనడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఏనుగు దంతం సంగతి చెప్పనక్కర్లేదు. నాకు ఎర్రచందనం పిడి కావాలని మనవాళ్లే అడుగుతుంటారు, ప్రతిసారీ కాదంటాను. గేదె కొమ్ముతో ఆ బాధ లేదు, నల్లగా నిగనిగలాడుతుంది, మన దగ్గర చవక. కాకపోతే పచ్చిగా ఉన్నది వాడితే ఆరేకొద్దీ వంకర పోతుంది, ముక్కలు కోసి ఏడాదైనా నీడలో పడేసి ఉంచాలి. మైకార్టా, జీ10 లాంటివి (రెజిన్‌తో గట్టిపరిచిన గుడ్డ, గాజునార పలకలు) కదలవు, మొదటి పది కత్తులకి అవే వాడు.

కత్తి మీద చట్టం కూడా అడిగి తెలుసుకో. మన ఆయుధ నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ, రెండు అంగుళాల కంటే వెడల్పు గానీ అలుగు ఉంటే, ఇంటిపని, వ్యవసాయం లాంటి వాడకానికి చేసినవి కాకపోతే, లైసెన్సు గొడవ వస్తుంది. నీ చాకు మూడంగుళాలు దాటదు. కానీ బటన్ నొక్కితే తెరుచుకునే కత్తుల జోలికి అసలు పోవద్దు. రాంపురి చాకు పేరు ఎలా పాడయిందో తెలుసు కదా, ఢిల్లీ లాంటి చోట్ల వాటిమీద విడిగా ఆంక్షలున్నాయి. ఒక లాయరుతో కూర్చుని నీ నమూనా చూపించి, చేయడానికీ, అమ్మడానికీ ఏం కావాలో రాయించుకో. విదేశాలకి పంపాలంటే కొరియర్ వాళ్లని ముందే కనుక్కో, కత్తి అనగానే తీసుకోనివాళ్లు చాలామంది.

ఒళ్లు జాగ్రత్త. వర్క్‌షాపులో అన్నిటికన్నా ప్రమాదం గ్రైండర్ కాదు, మెరుగు పెట్టే బఫ్ చక్రం. మెత్తని గుడ్డే కదా అనిపిస్తుంది, అలుగు అంచు దానికి కాస్త ఎదురు తగిలిందా, చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. 2008లో నా తొడలో దిగింది. తోలు ఏప్రన్ వల్ల మూడు కుట్లతో పోయింది. ముత్యపుచిప్ప, జీ10, కార్బన్ ఫైబర్ ఏది రుద్దినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ముఖానికి కట్టుకునే గుడ్డ మాస్కు చాలదు, మార్చుకునే ఫిల్టర్లున్న రెస్పిరేటర్ కావాలి, చిప్పని నీళ్లతో తడుపుతూనే రుద్దాలి. టైటానియం రజను, ఉక్కు నిప్పురవ్వలు ఒకే డబ్బాలో పడనీయకు, అంటుకుంటే నీళ్లతో ఆర్పలేవు. ఇరవై ఏళ్ల తర్వాత నా కుడి బొటనవేలు పొద్దున్నే మడవడానికి రాదు. శనివారాలు పిల్లల స్కూలు ఫంక్షన్లు ఎన్ని పోగొట్టుకున్నానో లెక్కలేదు, ఇది కూడా ఖర్చులోకే రాసుకో.

మిషన్లు. హైదరాబాదులో ఉన్నావు, అది నీ అదృష్టం. బాలానగర్, జీడిమెట్లలో నీకు కావాల్సిన సామానూ, దాన్ని వాడటం వచ్చినవాళ్లూ దొరుకుతారు. లక్షలు పోసి కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిషను కొనకు. మంచి బెంచ్ డ్రిల్లు, చక్ ఊగకుండా ఉన్నది చూసి తీసుకో. సైజు రీమర్లు రెండు. డయల్ ఇండికేటర్, చిన్న గ్రానైట్ ప్లేటు, మైక్రోమీటర్. రెండంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బెల్టు ఎక్కే గ్రైండర్, దీన్ని లోకల్‌గా చేయించుకోవచ్చు, మోటారుకి స్పీడు తగ్గించే డ్రైవ్ తప్పనిసరి. ఆకురాళ్లు మంచివి నాలుగు. సర్ఫేస్ గ్రైండింగ్ మొదట్లో జాబ్‌వర్క్‌కి ఇచ్చుకో. ఉక్కు కోసం అమెరికా వైపు చూడొద్దు, టూల్ రూముల్లో ఓహెచ్‌ఎన్‌ఎస్ అని పిలిచేది ఇక్కడ మేం ఓ1 అంటాం, 800 డిగ్రీల దగ్గర వేడి చేసి నూనెలో ముంచి, 200 డిగ్రీల దగ్గర రెండుసార్లు టెంపరింగ్ చేస్తే, అంటే మళ్లీ కాస్తే, రాక్‌వెల్ 60 వస్తుంది. తుప్పు పడుతుంది, నూనె గుడ్డ పెట్టుకోవాలి, కానీ నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. అది చేతికొచ్చాక డీ2 అనే ఉక్కుకి వెళ్లు, అది బయట గట్టిపరిపించు.

ఉద్యోగం మానకు. కనీసం ఐదేళ్లు. మొదటి ఇరవై మడత కత్తులు అమ్మకానికి కాదనుకో, వాటిని విప్పి చూసుకోవడానికి అనుకో. ముందు ఓహెచ్‌ఎన్‌ఎస్‌తో, ఇత్తడి రేకులతో ఒక స్లిప్ జాయింట్ చెయ్యి, పిడి పెట్టకుండా వదిలెయ్, లోపల అంతా కనిపించాలి. తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు స్ప్రింగు వీపు ఎంత ఎత్తులో ఉందో ఇండికేటర్‌తో కొలిచి మూడు అంకెలూ రాసి పంపు, సీల రంధ్రం దగ్గరగా తీసిన ఫోటో కూడా పెట్టు. అవి చూశాక టాంగ్ మీద ఎక్కడ రుద్దాలో గీత గీసి పంపుతాను.